ఎమ్‌ఐపీ టికెట్ పడితే యూనివర్సిటీ లీగల్ ఆఫీసు ఎంతవరకు ఆదుకుంటుంది?

అమెరికాలో 21 నిండకుండా మద్యంతో పోలీసులకు దొరికితే చేతిలో పెట్టే కాగితాన్ని ఎమ్‌ఐపీ టికెట్ అంటారు. మైనర్ ఇన్ పొసెషన్ అన్నమాట. దాన్ని జేబులో పెట్టుకుని తెలుగు విద్యార్థి ముందు వెళ్లేది సీనియర్ల వాట్సాప్ గ్రూపుకే. అక్కడ వచ్చే సలహా కూడా దాదాపు ఒకటే: "ఫైన్ కట్టేయ్ రా, స్పీడింగ్ టికెట్ లాంటిదే." చాలా రాష్ట్రాల్లో ఇది స్పీడింగ్ టికెట్ లాంటిది కాదు. నేరం కింద నమోదయ్యే కేసు. ఈలోపు అదే క్యాంపస్‌లో, సెమిస్టర్ ఫీజుతో పాటే డబ్బు వసూలు చేసేసిన ఒక ఆఫీసు ఖాళీగా కనిపిస్తూ ఉంటుంది. దాని పేరు స్టూడెంట్ లీగల్ సర్వీసెస్. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, టెక్సాస్ ఏ అండ్ ఎం, యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్, అర్బానా-షాంపేన్‌లోని ఇల్లినాయ్ యూనివర్సిటీ లాంటి పెద్ద పబ్లిక్ యూనివర్సిటీల్లో ఈ ఏర్పాటు ఉంది. ఏదో ఒక ఆఫీసుకి మార్కులు వేయడం ఇక్కడి ఉద్దేశం కాదు. ఎమ్‌ఐపీ కేసు వరకు ఈ తరహా సర్వీసు ఎక్కడ బాగా పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం.

మొదటి అపాయింట్‌మెంట్‌కి అయిదుకి అయిదు ఇవ్వొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకి చివరిదాకా అదొక్కటే చాలంటే మాత్రం రెండున్నర.

ఎందుకు వెళ్లాలో అర్థం కావాలంటే ముందు ఏ రాష్ట్రంలో దొరికారో చూసుకోవాలి. 21 ఏళ్ల వయసు నిబంధన దేశమంతా ఒకటే. 1984 నాటి ఫెడరల్ చట్టం, ఆ వయసు పెట్టని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెడతామనడంతో 1988 నాటికి అన్నీ దారికొచ్చాయి. శిక్షలు మాత్రం ఎవరివి వాళ్లవే. మిషిగన్‌లో 2018 నుంచి మొదటిసారి దొరికితే సివిల్ ఇన్‌ఫ్రాక్షన్ (నేరం కింద రాని చిన్న ఉల్లంఘన), 100 డాలర్ల ఫైన్. న్యూజెర్సీలో 2021 నుంచి రాతపూర్వకమైన హెచ్చరికతో సరిపెడుతున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలో అదే పని గ్రాస్ మిస్‌డిమీనర్ (చిన్న నేరాల్లో పెద్ద తరగతి). గరిష్ఠ శిక్ష 364 రోజుల జైలు, 5,000 డాలర్ల ఫైన్. టెక్సాస్ మధ్యలో ఉంటుంది. అక్కడ క్లాస్ సి మిస్‌డిమీనర్, 500 డాలర్ల వరకు ఫైన్, జైలు లేదు. కానీ నేరం నేరమే. శిక్ష పడితే మొదటిసారికి 8 నుంచి 12 గంటల కమ్యూనిటీ సర్వీసు, ఆల్కహాల్ అవేర్‌నెస్ కోర్సు, 30 రోజుల లైసెన్స్ సస్పెన్షన్ వస్తాయి. కాబట్టి సియాటిల్‌లో చదివే కజిన్ చెప్పింది డాలస్‌లో పనికిరాదు, డాలస్ వాళ్ల అనుభవం మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌లో పనికిరాదు. క్యాంపస్ ఆఫీసు మొదటి విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆ ఊరి కోర్టులో ఆ జడ్జి ఈ కేసుల్ని ఎలా చూస్తారో వాళ్లకి తెలుసు. ఏటా ఇవే కేసులు చూస్తుంటారు కదా.

అపాయింట్‌మెంట్ అడగ్గానే ముందు కాన్‌ఫ్లిక్ట్ చెక్ చేస్తారు. అదే పార్టీలో మీ రూమ్మేట్‌కి కూడా టికెట్ పడి, వాడు మీకంటే ముందు వెళ్లి ఉంటే ఆఫీసు మిమ్మల్ని తీసుకోకపోవచ్చు. అందుకని మర్నాడే అడగాలి. వెళ్లేటప్పుడు టికెట్ రెండు వైపులా తీసిన ఫోటోలు, కోర్టు పేరు, హాజరు కావలసిన తేదీ, డ్రైవర్స్ లైసెన్స్, వీసా మీద ఉంటే ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం), పాస్‌పోర్టు కాపీలు పట్టుకెళ్లాలి. జరిగింది జరిగినట్టు అదే రాత్రి కాగితం మీద రాసి పెట్టుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఎన్నింటికి, ఎక్కడ, ఎంతమంది ఉన్నారు, బీరు డబ్బా ఎవరి చేతిలో ఉంది, ఆఫీసర్ ఏం అడిగారు, మీరు ఏం చెప్పారు, తలుపు ఎవరు తీశారు. ఈ కాగితం లాయర్‌కి తప్ప ఇంకెవరికీ పంపకూడదు. వాట్సాప్‌లో అసలే కాదు. అమ్మానాన్నల్ని స్పీకర్‌లో పెట్టుకుని లాయర్‌తో మాట్లాడటం మనవాళ్లలో మామూలే గానీ, మూడో మనిషి వింటున్నప్పుడు ఆ మాటలకు ఉండే గోప్యత రక్షణ బలహీనపడుతుంది. ముందు లాయర్‌తో ఒంటరిగా మాట్లాడి, తర్వాత ఇంటికి ఫోన్ చేసుకోవడం మేలు.

టికెట్ మీద సంతకం పెట్టేశామని కంగారు పడేవాళ్లున్నారు. ఆ సంతకం నేరం ఒప్పుకున్నట్టు కాదు, ఫలానా తేదీకి కోర్టుకు వస్తానన్న హామీ మాత్రమే. ఆ తేదీ తప్పితేనే అసలు సమస్య. వారెంటు పుడుతుంది, టెక్సాస్‌లో అయితే లైసెన్స్ రెన్యువల్ కూడా ఆగిపోవచ్చు.

మంచి ఆఫీసుకీ, మొక్కుబడి ఆఫీసుకీ తేడా తర్వాతి అరగంటలో బయటపడుతుంది. మొక్కుబడి లాయర్ "తాగావా?" అని అడిగి, సమాధానం వినగానే క్లాసు చేసి ఫైన్ కట్టమంటారు. పని తెలిసిన లాయర్ ఆ ప్రశ్న చివరికి అడుగుతారు, ఒక్కోసారి అడగనే అడగరు. వాళ్లు తవ్వేది పోలీసులు ఎలా వచ్చారు, ఏం చూశారు, ఏం రుజువు చేయగలరు అన్నదే.

మొదట 'పొసెషన్' అనేది ఉందా లేదా. టెక్సాస్ చట్టంలో అది వస్తువు మీద నిజమైన అధీనం, నియంత్రణ. పదిమంది ఉన్న గదిలో బల్ల మీద బీరు పోసిన ఎర్ర కప్పులుంటే, పక్కన నిలబడ్డంత మాత్రాన అది మీదైపోదు. అయితే "అది నాదే సార్, ఒక్క సిప్పే" అని మీరే అంటే కేసు అక్కడే ముగుస్తుంది. పోలీసుల చేతిలోని సాక్ష్యంలో చాలాసార్లు సగం పైన ఈ ఒక్క వాక్యమే.

"నాకు మిరాండా హక్కులు చదవలేదు, కేసు కొట్టేస్తారు" అన్నది ఇంకో అపోహ. మౌనంగా ఉండొచ్చు, లాయర్‌ని అడగొచ్చు అని పోలీసులు చేసే హెచ్చరికే ఈ మిరాండా. మిరాండా తీర్పు 1966 నాటిది. కస్టడీలో ఉంచి ప్రశ్నించేటప్పుడే అది వర్తిస్తుంది. రోడ్డు పక్కన కాసేపు ఆపి అడగడం మామూలుగా కస్టడీ కిందకి రాదని 1984లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే హెచ్చరిక లేకుండా అడిగినప్పుడు మీరు చెప్పినవి కూడా మీ మీద వాడొచ్చు. పద్దెనిమిది లోపు పిల్లల విషయంలో, కస్టడీ ఉందా లేదా అని చూసేటప్పుడు వయసును కూడా లెక్కలోకి తీసుకోవాలని 2011లో జేడీబీ కేసులో చెప్పింది. పంతొమ్మిదేళ్లవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. మద్యం చట్టానికి వాళ్లు మైనర్లు, మిగతా అన్నిటికీ పెద్దవాళ్లు. టెక్సాస్ క్రిమినల్ కోర్టులకైతే 17 నిండితే చాలు, పెద్దవాళ్లే.

ఊరికే నోరు మూసుకు నిలబడితే హక్కు వాడుకున్నట్టేనా అంటే, అదీ కాదు. మౌనంగా ఉండే హక్కును పైకి చెప్పి మరీ వాడుకోవాలని 2013 నాటి సాలినాస్ తీర్పు తర్వాత లాయర్లు గట్టిగా చెబుతున్నారు. "ఐ యామ్ గోయింగ్ టు రిమైన్ సైలెంట్, ఐ వాంట్ ఎ లాయర్" అని మర్యాదగా ఒక్కసారి అంటే చాలు. పేరు, పుట్టిన తేదీ సంగతి వేరు. పేరు అడిగితే చెప్పి తీరాలన్న చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి. టెక్సాస్‌లో ఆపి ఉంచినప్పుడు తప్పుడు పేరు చెప్పడం విడిగా నేరం. చేతిలో బీరుకి వచ్చే కేసు కంటే తప్పుడు పేరుకి, నకిలీ ఐడీకి వచ్చే కేసు ఎక్కువ కాలం వెంటాడుతుంది.

ఇంటి తలుపు దగ్గర చట్టం బాగా మీవైపు ఉంటుంది. దాన్ని జనం చేజేతులా వదులుకునేది కూడా అక్కడే. వారెంటు గానీ, అనుమతి గానీ, లోపల ఎవరికో ప్రాణం మీదకొచ్చిందన్న తరహా అత్యవసరం గానీ లేకుండా పోలీసులు ఇంట్లోకి రాకూడదు. శబ్దం ఎక్కువైందన్న ఫిర్యాదు ఒక్కటే అత్యవసరం కాదు. కానీ "లోపలికి రావచ్చా?" అని అడిగినప్పుడు కుదరదని చెప్పే హక్కు మీకుందని వాళ్లు గుర్తుచేయనక్కర్లేదు. 1973 నుంచీ చట్టం అదే. మనవాళ్లు మొహమాటానికి తలుపు బార్లా తీసి "ప్లీజ్ కమ్ సర్" అంటారు. బయటికి వచ్చి, తలుపు వెనకాల దగ్గరగా వేసి, "ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" అని చెప్పి, సంగీతం తగ్గిస్తామనడం సరైన పద్ధతి. వద్దన్నా లోపలికి వస్తే అడ్డం నిలబడకూడదు. చేయి అడ్డం పెడితే అది వేరే కేసు. వద్దన్న మాట బాడీ కెమెరాలో రికార్డయితే చాలు, తర్వాత ఆ సోదాలో దొరికిన సాక్ష్యాన్ని కొట్టేయించమని అడగడానికి పనికొస్తుంది. ఆ వీడియో చెరిగిపోకముందే భద్రపరచమని పోలీసు విభాగానికి లేఖ రాయించడం క్యాంపస్ ఆఫీసు చేసే పనుల్లో చాలా విలువైనది. అడగందే చేయని ఆఫీసులూ ఉన్నాయి, మీరే అడగండి. ఫోను విషయంలో మొహమాటమే వద్దు. అరెస్టు చేసినా సరే, వారెంటు లేకుండా ఫోను వెతకకూడదని 2014లో రైలీ తీర్పు వచ్చింది.

ఊపిరిలో మద్యం ఎంతుందో కొలిచే ఊదే పరికరం గురించి. మిషిగన్‌లో 2018 నుంచి మైనర్ ఒప్పుకుంటేనే ఊదించాలి, లేదంటే కోర్టు ఆర్డర్ తేవాలి. అంతకుముందు ఊదననడమే తప్పుగా ఉండేది. నడిచి వెళ్తున్నవాడి సంగతి ఇది. బండి నడుపుతూ దొరికితే ఇంకో చట్టం. టెక్సాస్‌లో 21 లోపువాళ్ల ఒంట్లో మద్యం ఏ మాత్రం తేలినా చాలు, ఎమ్‌ఐపీ నియమాలేవీ అక్కడ పనికిరావు.

మినహాయింపుల దగ్గర తెలుగు కుటుంబాలు పొరబడే చోటొకటుంది. టెక్సాస్‌లో సొంత తల్లి గానీ తండ్రి గానీ, చట్టబద్ధ సంరక్షకులు గానీ, పెద్ద వయసు భర్త లేదా భార్య గానీ కళ్లెదుట ఉంటే పొసెషన్ నేరం కాదు. బాబాయి, మేనమామ, పెళ్లింటి పెద్దలు, ఇరవై ఆరేళ్ల అన్నయ్య ఎవరూ లెక్కలోకి రారు. పైగా ఆ అన్నయ్యే బీరు కొనిచ్చి ఉంటే అతని మీద పెట్టేది క్లాస్ ఎ మిస్‌డిమీనర్. సంవత్సరం దాకా జైలు, 4,000 డాలర్ల దాకా ఫైన్. తమ్ముడికి 500 డాలర్ల టికెట్, అన్నకి హెచ్-1బీ మీద అరెస్టు రికార్డు! ఇద్దరూ ఒకే లాయర్ దగ్గరికి వెళ్లకూడదు, ఎందుకంటే ఒకరి ప్రయోజనం ఇంకొకరికి ఎదురు నిలుస్తుంది. ఇంకో మినహాయింపు తెలిసి ఉండాలి. ఎవరైనా తాగి స్పృహ తప్పితే 911కి మొదట ఫోన్ చేసినవాళ్లు, సాయం వచ్చేదాకా అక్కడే ఉండి సహకరిస్తే, టెక్సాస్‌లో వాళ్లకి ఎమ్‌ఐపీ నుంచి రక్షణ ఉంది. ఫోన్ చేసి పారిపోతే లేదు.

ఇక కోర్టు రోజు. ఇక్కడ క్యాంపస్ ఆఫీసులు రెండు రకాలు. కొన్ని లాయర్‌ని కోర్టుకు పంపుతాయి, కొన్ని సలహా వరకే. ఫోన్‌లోనే అడిగి తెలుసుకోండి. ఫైన్ మాత్రమే ఉన్న కేసుల్లో ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని ఇవ్వనక్కర్లేదని 1979లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఈ ఆఫీసు రాకపోతే పబ్లిక్ డిఫెండర్ ఉంటారులే అనుకోవద్దు.

మిషిగన్‌లో ఆన్‌లైన్‌లో 100 డాలర్లు కట్టడం ఎంత తేలికో అంత ప్రమాదం. కట్టడమంటే బాధ్యత ఒప్పుకోవడమే. ఇంకోసారి దొరికితే ఆ ఒప్పుకోలే కేసుని మిస్‌డిమీనర్ చేస్తుంది. సివిల్ కేసు కావడంతో అక్కడ జ్యూరీ ఉండదు, సందేహాతీతంగా రుజువు చేయాలన్న నియమమూ ఉండదు. శిక్షతో పాటు రక్షణలు కూడా తగ్గాయి. టెక్సాస్‌లో అలా కుదరదు. మద్యం కేసులో మైనర్ నేరం ఒప్పుకోవాలంటే జడ్జి ముందు, బహిరంగ కోర్టులోనే. 17 లోపువాళ్లయితే తల్లో తండ్రో పక్కన ఉండాలి. నేరం ఒప్పుకోనంటే ఆరుగురి జ్యూరీతో విచారణ కోరే హక్కుంది. విచారణ అడిగినవాళ్లంతా విచారణ దాకా వెళ్లరు. ప్రాసిక్యూటర్ ఫైలు తెరిచి, సాక్ష్యం పలచగా ఉందని చూసి, దిగి రావడానికి అదే సందు.

టెక్సాస్‌లో చాలామందికి దొరికేది డిఫర్డ్ డిస్పోజిషన్. గిల్టీ లేదా నో కాంటెస్ట్ (నేరం ఒప్పుకోను, కానీ వాదించను) అని చెబితే జడ్జి తీర్పు ఆపి, 180 రోజుల దాకా గడువిస్తారు. ఆలోపు కోర్సు, కమ్యూనిటీ సర్వీసు పూర్తిచేసి, మళ్లీ దొరక్కుండా ఉంటే కేసు కొట్టేస్తారు. లైసెన్స్ సస్పెన్షన్ తప్పుతుంది. అసలు లాభం అదే. దీని గురించి ఆఫీసులు సరిగా చెప్పనివి రెండున్నాయి. రెండోసారి మద్యం కేసు వస్తే ఈ డిఫర్డ్‌ని పాత శిక్ష కిందే లెక్కేస్తారు. అలాగే కేసు కొట్టేసినంత మాత్రాన రికార్డు పోదు. ఎక్స్‌పంక్షన్‌కి, అంటే రికార్డు చెరిపించుకోవడానికి, విడిగా దరఖాస్తు పెట్టాలి. శిక్షే పడినవాళ్లకు కూడా, మైనర్‌గా ఒక్క కేసు మించి లేకపోతే, 21 నిండాక అలా చెరిపించుకునే దారి టెక్సాస్ చట్టంలో ఉంది. ఎవరూ ఫోన్ చేసి గుర్తుచేయరు.

కోర్సు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రాష్ట్రం ఆమోదించినదేనా అని చేరకముందు కోర్టు క్లర్కుని అడగండి, టెక్సాస్‌లో 90 రోజుల గడువు దాటనివ్వకండి, సర్టిఫికెట్ కోర్టుకు చేరిందో లేదో మీరే కనుక్కోండి. కోర్సు చేసి కాగితం పంపక లైసెన్స్ పోగొట్టుకోవడం అనవసరమైన నష్టం.

రెండున్నర ఎందుకో ఇప్పుడు. ఇమిగ్రేషన్ చట్టంలో 'కన్విక్షన్' (నేరం తేలడం) అంటే రాష్ట్రం ఇచ్చే అర్థం కాదు. గిల్టీ లేదా నో కాంటెస్ట్ అని చెప్పి, దానికి తోడు ఏదో ఒక శిక్షో ఆంక్షో పడితే చాలు, రాష్ట్రం తర్వాత కేసు కొట్టేసినా ఫెడరల్ లెక్కలో అది కన్విక్షన్ కావచ్చు. అంటే పౌరుడైన క్లాస్‌మేట్‌కి బంగారంలాంటి డిఫర్డ్, ఎఫ్-1 విద్యార్థికి జీవితాంతం వివరణ ఇచ్చుకోవాల్సిన వ్యవహారం కావచ్చు. మద్యం దగ్గర ఉంచుకోవడం ఒక్కటే అయితే మామూలుగా వీసా పోయే నేరం కాదు, భయపడి చదువు మానేయాల్సిన పనీ లేదు. కానీ నకిలీ ఐడీ కలిస్తే అది మోసం కిందకి వెళ్లి లెక్క మారుతుంది. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో అరెస్టు, కన్విక్షన్ గురించి అడుగుతారు. గ్రీన్‌కార్డు ఫారం ఐ-485 ఇంకా విశాలంగా, సైటేషన్ (టికెట్) పడిందా అని కూడా అడుగుతుంది. చెరిపించుకున్న కేసైనా అక్కడ దాచకూడదు. 2025 ఏప్రిల్‌లో చిన్నపాటి పోలీసు రికార్డులున్న విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు కూడా రద్దయి, కోర్టుల్లో దావాలు పడ్డాక తిరిగి వచ్చాయి. ఇలాంటి కాలంలో "చిన్న కేసే" అనే లాయర్ మాట మీద ఆగిపోకూడదు.

క్యాంపస్ ఆఫీసు లాయర్లలో చాలామంది ఇమిగ్రేషన్ చూడరు. ఆ సంగతి నిజాయితీగా చెప్పి బయటికి పంపేవాళ్లు మంచివాళ్లు. "ఏం కాదు" అనేవాళ్ల దగ్గర జాగ్రత్త. వీసా మీద ఉన్నవాళ్లు ప్లీ, అంటే గిల్టీనా కాదా అన్నది, కోర్టులో చెప్పకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక గంట మాట్లాడాలి, చెప్పాక కాదు. నేరం ఒప్పుకోకుండా కుదిరే ప్రీట్రయల్ డైవర్షన్ (విచారణకు ముందే షరతుల మీద కేసు పక్కన పెట్టే ఏర్పాటు) ఏదైనా ఉందా అని అడగాలి. ప్రైవేటు క్రిమినల్ లాయర్‌ని పెట్టుకుంటే ఫ్లాట్ ఫీజులో ఏమేం కలిశాయో రాతలో తీసుకోండి: విచారణ దాకా వస్తారా, ఎక్స్‌పంక్షన్ అందులోనేనా, ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడతారా. నకిలీ ఐడీ, డ్రైవింగ్, మైనర్‌కి మద్యం కొనివ్వడం, రెండో కేసు, వాషింగ్టన్ లాంటి రాష్ట్రం, ఇందులో ఏ ఒక్కటున్నా క్యాంపస్ ఆఫీసుతో ఆగొద్దు.

ఇంకో లోటు. యూనివర్సిటీ క్రమశిక్షణ విచారణ కోర్టు కేసుతో సంబంధం లేకుండా నడుస్తుంది. అదే యూనివర్సిటీ కింద నడిచే ఈ ఆఫీసు మామూలుగా యూనివర్సిటీకి ఎదురుగా మీ తరఫున నిలబడదు. అక్కడ రుజువు ప్రమాణం తక్కువ, అక్కడ మీరు రాసిచ్చిన క్షమాపణ లేఖ కోర్టు దాకా రావచ్చు. కోర్టు కేసు తేలేదాకా వాయిదా అడగమనో, ఏం రాయకూడదనో సలహా ఇచ్చే ఆఫీసైతే అదే గొప్ప. ఇంటికి తెలియకూడదన్న ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. 21 లోపు విద్యార్థి మద్యం నియమాలు మీరితే అనుమతి లేకుండానే తల్లిదండ్రులకు చెప్పే వీలు 1998 సవరణ నుంచి యూనివర్సిటీలకుంది.

అర్హత కూడా చూసుకోండి. ఆ సెమిస్టర్ ఫీజు కట్టినవాళ్లకే తలుపు తెరుచుకుంటుంది. ఓపీటీలో (చదువయ్యాక ఎఫ్-1 మీదే ఉద్యోగం చేసే గడువులో) ఉన్నవాళ్లు, హైస్కూల్లో చదివే హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబ వీసా) పిల్లలు బయటి లాయర్‌ని వెతుక్కోవాల్సిందే.

ఈ ఆఫీసు చేత తప్పక చేయించుకోవాల్సిన పని ఇంకొకటి మిగిలింది. ఎక్స్‌పంక్షన్ దరఖాస్తు పెట్టకముందే కోర్టు తీర్పు, టికెట్, కేసు కొట్టేసిన ఆర్డర్ వీటి సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీయించుకోండి. రికార్డు చెరిగాక కోర్టులో ఆ కాగితం దొరకదు. ఏళ్ల తర్వాత ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ అడిగేది సరిగ్గా ఆ కాగితాన్నే.